పాల్ ఎర్లిక్ మహాశయుని జీవితము

ఉన్నిబట్టకు చక్కగా అంటుకొను రంగులలో కొన్ని నూలుబట్టకు అంటనే అంటవు, నీటితో కొట్టుకొనిపోవును. దేనికి ఏది అంటును, ఏది అంటదు అను ఈ చిన్న ప్రశ్నను జీవితాంతము విడువక పట్టుకొని, తన్మూలమున లోకమునకు మహోపకారము చేసినవాడు పాల్ ఎర్లిక్ అను జర్మను వైద్యశాస్త్రజ్ఞుడు.

ఈయన 1854వ సంవత్సరము మార్చి 14వ తేదీని స్ట్రేలెన్ అను చిన్న పట్టణమున యూదుకుటుంబమునందు జన్మించెను. ఆ పట్టణము అప్పుడు ప్రష్యా రాజ్యములోనిది. నేడు పోలెండు దేశములోనిది. ఈయన బంధువగు కార్ల్ వైగర్ట్, సూక్ష్మజీవులకు రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూచు విద్యకు దారి తీసినవారిలో నొకడు. ఆ విద్యయందే ఎర్లిక్ మనస్సు లగ్నమయ్యెను. వైద్యము చదువుకొనుచున్న దినములలో ఆయన బల్ల రంగుల మరకలతో నిండియుండెడిదట. 1878లో లైప్జిగు విశ్వవిద్యాలయమున రంగులను గూర్చియే వ్యాసము వ్రాసి పట్టము పొందెను.

1882లో రాబర్టు కోక్ పండితుడు క్షయరోగమునకు మూలమగు సూక్ష్మజీవిని కనుగొన్నట్లు బెర్లినులో ప్రకటించెను. ఆ సభలోనున్న ఎర్లిక్, ఆ జీవికి మరింత స్పష్టముగ రంగు పట్టించు మార్గమును కొలది కాలములోనే కనిపెట్టెను. కఫమును పరీక్షించి క్షయను నిర్ణయించుట దానివలన వైద్యులకు సులభమయ్యెను. కొన్ని సంవత్సరములకు ఆయన కఫమునందే ఆ జీవులు కానవచ్చెను! ఎర్లిక్ ధైర్యము చెడక 1888లో భార్య హెడ్విగుతో ఐగుప్తుదేశమునకు పోయి, అచ్చటి పొడిగాలిలో స్వస్థుడై మరుసటి యేట మరలివచ్చెను.

ఆ కాలమున కంఠసర్పి, అనగా డిఫ్తీరియా, పసిపిల్లలను ఊపిరాడనీయక చంపుచుండెను. 1890లో బేరింగు, కిటసాటో అను శాస్త్రజ్ఞులు ఒక విషయము తెలిపిరి. వ్యాధివిషమును జంతువునకు కొంచెము కొంచెముగ ఎక్కించినచో, దాని రక్తరసమునందు ఆ విషమును విరుచు పదార్థములు పుట్టును. వీనికే ప్రతిరక్షకములని పేరు. కాని ఒక గుఱ్ఱమునుండి తీసిన రసము ప్రబలముగను, మరియొక దానిది దుర్బలముగను ఉండెడిది. ఏ బిడ్డకు ఎంత ఈయవలయునో తెలియకున్నచో మందుండియు ప్రాణము దక్కదు. ఎర్లిక్ ఒక ప్రమాణరసమును ఎండబెట్టి, గాలియు వెలుతురును సోకని గొట్టములలో భద్రపరచి, దానితో పోల్చి ప్రతి రసము యొక్క బలమును కొలుచు పద్ధతిని 1897లో ప్రకటించెను. అంగడివానికి తూనికరాయి యెట్టిదో వైద్యునకు ఈ కొలత అట్టిదయ్యెను.

ఈ పని చేయుచునే ఆయన ఒక సిద్ధాంతము నేర్పరచెను. జీవకణము మీద గ్రాహకములు కలవు. బీగమునకు బీగపుచెవి యమరినట్లు విషము తనకు తగిన గ్రాహకమునకే అమరును. కణము అట్టి గ్రాహకములను మిక్కుటముగా పుట్టించి రక్తములోనికి విడువగా అవియే ప్రతిరక్షకము లగును. ప్రతిరక్షకములను పుట్టించునవి రక్తములోని యొక ప్రత్యేకజాతి కణములే యని పిమ్మట తేలినది. అయినను గ్రాహకము, అమరిక అను మూలభావములు నేటికిని నిలిచియున్నవి. 1908లో మెచ్నికాఫ్ పండితునితో కలిపి ఈయనకు నోబెల్ బహుమాన మొసగిరి.

మనుష్యుని బాధింపక రోగక్రిమిని మాత్రమే తాకు గుండు వంటి మందు కావలయునని ఎర్లిక్ కోరిక. 1909లో ఆయన ప్రయోగశాలలో హటా అను జపాను వైద్యుడు, అంతకుముందు నిరర్థకమని త్రోసివేయబడిన 606వ సంఖ్య గల పదార్థమును మరల పరీక్షించి, అది సిఫిలిసు వ్యాధికి పనిచేయునని చూపెను. అది 1910లో సాల్వర్సాన్ అను పేర అమ్మకమునకు వచ్చెను. దానివలన కొందరికి హాని కలుగుటచే ఎర్లిక్ నిందలకు గురియయ్యెను. 1915వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీని ఆయన పరలోకగతుడయ్యెను. యూదుడను కారణముచే నాజీ ప్రభుత్వకాలమున ఫ్రాంక్‌ఫర్టులో ఆయన పేరుగల వీధికి ఆ పేరు తీసివేసిరి. వీధి పేరు తీసివేయవచ్చును గాని చేసిన మేలును తీసివేయ నెవరి తరము?

గుఱ్ఱపు రసములో పలువిధముల ప్రతిరక్షకములు కలిసియుండును. ఒకే గురి గల స్వచ్ఛమైన ప్రతిరక్షకము ఎర్లిక్ కాలమున దొరకలేదు. ఆయన గతించిన 60 ఏండ్లకు, 1975లో, కేంబ్రిడ్జియందు కోలర్, మిల్‌స్టైన్ అనువారు ప్రతిరక్షకమును పుట్టించు ఎలుక కణమును చావులేని క్యాన్సరు కణముతో కలిపి, ఒకే విధమైన ప్రతిరక్షకమును ఎడతెగక పొందిరి. దీనికి మోనోక్లోనల్ ప్రతిరక్షకమని పేరు. 1982లో అట్టి దానినొకదానిని కోడిపిల్ల పిండపు కండరకణములకు తగిలింపగా, పాత్రకు అంటియున్న ఆ కణములు పట్టు విడిచెను. అది కణమును నిలిపి పట్టు గ్రాహకమునే కప్పివేసినది. అట్టి గ్రాహకములకు 1986లో ఇంటిగ్రిన్ అను పేరు పెట్టిరి. గాయము మానుటయందును క్యాన్సరు వ్యాపించుటయందును వీనికి పాత్ర కలదు. ఏ కణము దేనికి అంటును, ఏల అంటును అని నేటి పరిశోధకు లడుగు ప్రశ్న ఎర్లిక్ రంగులబల్లయొద్ద పుట్టిన ప్రశ్నయే.

విద్యార్థులారా! మీ మనస్సున పుట్టిన ప్రశ్న చిన్నదని విడువకుడు. రోగము వచ్చినను, నింద వచ్చినను ఎర్లిక్ తన ప్రశ్నను విడువలేదు. దానివలననే ఎందరో తల్లుల యొడిలో బిడ్డలు నిలిచిరి.