చెరిపినా చెరగని పేరు – జిమ్ థోర్ప్

స్వర్ణోత్సవ సంచికకు ఒక క్రీడాకారుడి జీవితం గురించి రాయమని సంఘం మిత్రులు అడిగారు. ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన నాకు వెంటనే గుర్తొచ్చిన పేరు జిమ్ థోర్ప్. నేటి రూపంలో ఉన్న డెకథ్లాన్‌కు తొలి ఒలింపిక్ విజేత ఆయన. ఆయన కథ ఒక బడి కథ కూడా. అందుకే పూర్వ విద్యార్థులందరికీ చెప్పాలనిపించింది.

థోర్ప్ 1887లో, నేటి ఓక్లహోమా రాష్ట్రంలో, శాక్ అండ్ ఫాక్స్ అనే ఆదివాసీ తెగలో పుట్టారు. తెగ భాషలో ఆయనకు పెట్టిన పేరుకు వెలుగుబాట అని అర్థం. కవల సోదరుడు చిన్నతనంలోనే చనిపోయాడు. ఇరవై ఏళ్లు నిండకముందే తల్లీ తండ్రీ పోయారు. 1904లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూల్లో చేరారు. ఆదివాసీ పిల్లలను తమ సంస్కృతికి దూరం చేయడానికి ప్రభుత్వం నడిపిన హాస్టల్ బడి అది. అక్కడ పిల్లల జుట్టు కత్తిరించేవారు, పేర్లు మార్చేవారు, సొంత భాష మాట్లాడనిచ్చేవారు కాదు.

ఆ బడి మైదానంలో హైజంప్ సాధన చేస్తున్నవాళ్లు దాటలేకపోయిన కర్రను థోర్ప్ పనిబట్టలతోనే దాటేశారని, అలా కోచ్ పాప్ వార్నర్ కంట పడ్డారని చెబుతారు. 1911లో కార్లైల్ ఫుట్‌బాల్ జట్టు పేరుమోసిన హార్వర్డ్‌ను 18–15తో ఓడించడంలో ప్రధాన పాత్ర ఆయనదే.

మరుసటి ఏడాది స్టాక్‌హోమ్ ఒలింపిక్స్. పెంటథ్లాన్‌లోని అయిదు అంశాల్లో నాలుగింటిలో మొదటి స్థానం ఆయనదే. తర్వాత మూడు రోజుల పాటు డెకథ్లాన్. పరుగు, దూకుడు, విసురుడు కలిపి పది అంశాలు. ఒక్కో అంశానికి ఒక్కో రకం శరీరం కావాలని నేను పిల్లలకు చెప్పేవాణ్ని. షాట్‌పుట్ విసిరే బలం వేరు, 1500 మీటర్లు పరుగెత్తే ఓపిక వేరు. ఆ రెండింటిలోనూ థోర్ప్ మొదటివారే. ఆ పోటీల్లో బూట్లు పోతే, దొరికిన రెండు వేర్వేరు బూట్లు తొడుక్కుని దిగారని కూడా చెబుతారు. రెండో స్థానంలో నిలిచిన స్వీడన్ క్రీడాకారుడు హ్యూగో వీస్లాండర్ కంటే ఆయనకు దాదాపు 700 పాయింట్లు ఎక్కువ వచ్చాయి.

ఆ సంతోషం ఆరు నెలలే. 1909, 1910 వేసవుల్లో థోర్ప్ నార్త్ కరోలినాలో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడిన సంగతి 1913 జనవరిలో పత్రికకెక్కింది. డబ్బు తీసుకుని ఆడినవారికి ఆనాటి ఒలింపిక్స్‌లో చోటు లేదు. అలా ఆడిన కాలేజీ కుర్రాళ్లు ఎందరో మారుపేర్లు పెట్టుకున్నారు. థోర్ప్ మాత్రం సొంత పేరుతోనే ఆడారు. నిబంధన తెలియదని ఆయన లేఖ రాసుకున్నా ఫలితం లేకపోయింది. కోచ్, బడి అధికారి తమకేమీ తెలియదన్నారు. పతకాలు వెనక్కి తీసుకున్నారు. రికార్డుల్లోంచి పేరు కొట్టేశారు.

అసలు విషయం ఏమిటంటే, అభ్యంతరాలుంటే 30 రోజుల్లోగా చెప్పాలని ఆ ఒలింపిక్స్ నిబంధనల్లోనే ఉంది. ఆరు నెలల తర్వాత వచ్చిన ఆరోపణ అసలు చెల్లదు. ఆ పుస్తకం తెరిచి చూపించే పెద్దదిక్కు ఆ అనాథ కుర్రాడికి లేకపోయింది.

థోర్ప్ ఆట మానలేదు. న్యూయార్క్ జెయింట్స్‌కు బేస్‌బాల్ ఆడారు. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌గా మారిన ఫుట్‌బాల్ సంఘానికి 1920లో తొలి అధ్యక్షుడయ్యారు. వయసు మళ్లాక సినిమాల్లో చిన్న వేషాలు, కూలి పనులు. 1950లో అసోసియేటెడ్ ప్రెస్ ఆయన్ను అర్ధశతాబ్దపు మేటి క్రీడాకారుడిగా ప్రకటించింది. 1953 మార్చి 28న కాలిఫోర్నియాలో కన్నుమూశారు.

ఆ 30 రోజుల నిబంధన చివరికి 1980ల మొదట్లో బయటపడింది. 1983లో పిల్లలకు నకలు పతకాలు ఇచ్చారు గానీ, ఆయన్ను ఉమ్మడి విజేతగానే రాశారు. 2022లో మాత్రమే ఏకైక విజేతగా అంగీకరించారు. తనకు దక్కిన బంగారు పతకాన్ని వీస్లాండర్ ఎన్నడూ తనదిగా భావించలేదని ఆయన కుటుంబం అప్పుడు చెప్పింది. ఓడినవాడికున్న న్యాయబుద్ధి గెలిపించుకున్న బడికి లేకపోయిందే అని నా బాధ.

థోర్ప్ కథ తెలిసినప్పటి నుంచి, జోనల్ పోటీల ఫారాలు నింపే ప్రతిసారీ వయసు, అర్హత నిబంధనలు పిల్లలకు చదివి వినిపించాకే సంతకం పెట్టించేవాణ్ని. ఇప్పుడు మన బడి పిల్లలు ఆటలకు వెళుతున్నారు. బూట్లు, బట్టలు మన సంఘం ఇస్తోంది, సంతోషం. వాళ్లకు చిక్కొచ్చిన రోజున నిబంధనల పుస్తకం పట్టుకుని పక్కన నిలబడే మనిషిని కూడా ఇద్దాం. మనలో వకీళ్లున్నారు, అధికారులున్నారు, మాస్టర్లున్నారు. ఆ పని మనకు కష్టమేమీ కాదు.

– ఒక పూర్వ విద్యార్థి, విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు