మెట్రిక్ రెండుసార్లు తప్పిన యల్లాప్రగడ

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున అంబత్తూరులో కొన్ని తెలుగు ఇళ్లలో పొయ్యి వెలగదు. ఒక్క సబ్జెక్టు పోతే చాలు, బిడ్డ చదువు ఇక ఇంతేనని పెద్దలే తేల్చేస్తారు. తెలుగు బడిలో వేయడమే పొరపాటైందని కొందరు బాధపడతారు. అలాంటి ఇళ్లను తలచుకునే మేము ఈసారి యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చెబుతున్నాం.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలో చదువు మీద మనసు నిలవలేదు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరారు. తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపారు. మెట్రిక్యులేషన్ ఒకసారి తప్పారు, రెండోసారీ తప్పారు. మూడోసారి మద్రాసు ట్రిప్లికేన్‌లోని హిందూ హైస్కూలు నుంచి రాసి గట్టెక్కారు. తల్లి ఆశ వదులుకుని ఉంటే ఆ కథ అక్కడితో ముగిసేది.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అంబత్తూరు నుంచి లోకల్ రైల్లో సెంట్రల్‌లో దిగితే ఆ కాలేజీ దగ్గరలోనే ఉంటుంది. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఆపరేషన్ గదిలోనూ ఖద్దరు వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ దక్కలేదు, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి అప్పటికే అన్నదమ్ములిద్దరిని రోజుల తేడాలో తీసుకుపోయింది. ఆయనకూ ఆ జబ్బు సోకితే ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి నయం చేశారు.

1920ల తొలినాళ్లలో మామగారి సాయంతో, కాకినాడలోని ఒక ధర్మసంస్థ చేయూతతో అమెరికాలోని హార్వర్డుకు వెళ్లారు. అక్కడ సైరస్ ఫిస్కెతో కలిసి 1925లో ఒక పరీక్ష పద్ధతి ప్రకటించారు. రక్తంలో గానీ కండలో గానీ ఫాస్ఫేట్ అయాన్లు ఎంత ఉన్నాయో కొలిచే పద్ధతి అది. నమూనాకు ఆమ్లం, మాలిబ్డేట్, మరో రసాయనం కలిపితే నీలి రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎక్కువైతే నీలం ముదురుతుంది. ఫిస్కె-సుబ్బారావు పద్ధతిగా అది ప్రయోగశాలల్లో స్థిరపడింది.

కండ నుంచి తీసిన నమూనాలో మాత్రం రంగు వెంటనే రాలేదు, నెమ్మదిగా ముదిరింది. కొలత చెడిందని దాన్ని పారబోసి ఉండవచ్చు. వాళ్లిద్దరూ ఆ ఆలస్యానికి కారణం వెతికారు. ఆమ్లంలో మెల్లగా విరిగి ఫాస్ఫేట్‌ను వదిలే పదార్థం ఒకటి కండలో ఉందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు.

నేడు పిల్లలు జీవశాస్త్రంలో చదివే ఏటీపీ ఇదే. కణం పొరలోని పంపు ఏటీపీ ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఏటీపీ అయిపోతే సోడియం లోపలే పేరుకుంటుంది, వెంట నీరు చేరి కణం ఉబ్బుతుంది. లోపలున్న కేంద్రకం, దాని చుట్టూ ఉండే జంట పొర కూడా అయాన్ల పాళ్లు మారితే మార్పుకు లోనవుతాయి. ఆ పొరలు ఎక్కువగా ఫాస్ఫేట్ ఉన్న కొవ్వులతోనే కట్టుకుని ఉంటాయి. ఆ కొవ్వుల్లోని ఫాస్ఫరస్‌ను కొలవడానికి తర్వాతి శాస్త్రవేత్తలు సుబ్బారావు పద్ధతినే సవరించి వాడుకున్నారు.

ఇంత చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల సంస్థలో చేరారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూ చికిత్సకు అది పనికొచ్చింది. బోదకాలు వ్యాధికి వాడే డీఈసీ, పిల్లల రక్తక్యాన్సర్‌పై తొలుత పనిచేసిన అమినోప్టెరిన్, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా ఆయన నాయకత్వంలోని ప్రయోగశాలల నుంచే వచ్చాయి.

ఆ పనికి ఆయన చెల్లించిన మూల్యమూ తక్కువ కాదు. వెళ్లాక మళ్లీ స్వదేశం చూడలేదు, భార్య శేషగిరిని కలుసుకోలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో అమెరికాలోనే కన్నుమూశారు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు తెచ్చింది.

పరీక్ష తప్పిన పిల్లలందరూ సుబ్బారావులు అవుతారని మేము అనడం లేదు. రెండుసార్లు తప్పిన కొడుకును వెంకమ్మ మూడోసారి పరీక్షకు కూర్చోబెట్టారు. ఫలితాల రోజున మన ఇళ్లలో, మన బడుల్లో తప్పిన బిడ్డకు ముందుగా అందాల్సింది ఆ మూడో అవకాశమే. ఆ మాట ఇంట్లో తల్లిదండ్రులు, బడిలో ఉపాధ్యాయులు అదే రోజు చెప్పాలని మా విన్నపం.