జీతము లేని ఆచార్యురాలు: ఎమ్మీ నోథర్

జర్మనీ దేశమందలి ఎర్లాంగెన్ పట్టణమున 1882 మార్చి 23వ తేదీన ఎమ్మీ నోథర్ జన్మించెను. తండ్రి మాక్స్ నోథర్ అచటి విశ్వవిద్యాలయమున గణితాచార్యుడు. అయినను ఆ విద్యాలయపు తలుపులు కుమార్తెకు తెరచియుండలేదు. అధ్యాపకుల అనుమతితో స్త్రీలు పాఠములు వినవచ్చునేగాని, విద్యార్థినులుగా చేరరాదు. 1904లో ఆ నిషేధము తొలగెను. 1907లో ఆమె పాల్ గోర్డన్ వద్ద పరిశోధన ముగించి డాక్టరేటు పొందెను. పిమ్మట 1908 మొదలు 1915 వరకు అచటనే జీతము లేక పనిచేసెను.

1915లో హిల్బర్ట్, క్లైన్ అను మహాగణితజ్ఞులు ఆమెను గోటింగెన్‌కు పిలిపించిరి. స్త్రీకి బోధనాధికార మొసగుటకు అచటి ఆచార్యులు పలువురు అంగీకరింపలేదు. అందుచే ఆమె ఉపన్యాసములు హిల్బర్ట్ పేరిట ప్రకటింపబడుచుండెను. ఆ స్థితిలోనే 1918లో, ప్రకృతి నియమములందలి సౌష్ఠవమునకును, శక్తి మొదలగువాని నిత్యత్వమునకును గల సంబంధమును నిరూపించెను. బోధనాధికారము 1919లో లభించెను. స్వల్పవేతనమునకు 1923 వరకు వేచియుండవలసివచ్చెను.

ఆమె బీజగణితమునకు ప్రధాన సాధనముగా చేసినది మాడ్యూలు అను భావన. సదిశలను గుణించు సంఖ్యలలో సున్న తప్ప దేనిచేతనైనను భాగింపవచ్చును. వాని స్థానమున, భాగహారము ఎల్లప్పుడును పొసగని పూర్ణసంఖ్యల వంటి సముదాయమును నిలిపినచో మాడ్యూలు ఏర్పడును. అందు రకములు పెక్కు. మూలకములన్నిటిని ఒక్కొక్క విధముననే వ్యక్తపరచు ఆధారము గలది స్వేచ్ఛా మాడ్యూలు. గడియారపు గంటలు మరియొక తీరు. ఏ గంటనైనను పండ్రెండు మారులు కూడినచో ముల్లు మరల పండ్రెండు వద్దకే చేరును. కావున అందు ఆధారము కుదరదు. వేరొక రకమున, ఒకదానికంటె నొకటి పెద్దదగు ఉపమాడ్యూలుల వరుస ఎచటనో ఆగక తప్పదు. అట్టి ప్రతి ఉపమాడ్యూలును పరిమితమైన మూలకములతో నిర్మింపవచ్చును.

ఈ ఆరోహణ నియమమునే పునాదిగా గైకొని, పూర్ణసంఖ్యలు ప్రధానసంఖ్యలుగా విడివడు తీరును 1921 నాటి వ్యాసమున ఆమె విస్తృతపరచెను. గోర్డన్ వద్ద దీర్ఘగణనలతో ఆరంభించిన ఆమె, గణనలకు మారుగా భావనలను నిలిపెను. వాన్ డెర్ వేర్డెన్ వ్రాసిన ఆధునిక బీజగణిత గ్రంథమునకు ఆమె ఉపన్యాసములును ఆధారమయ్యెను.

1933లో నాజీ ప్రభుత్వము యూదుజాతికి చెందినదను కారణమున ఆమెను ఉద్యోగమునుండి తొలగించెను. ఆమె కొంతకాలము విద్యార్థులకు తన ఇంటనే పాఠములు చెప్పి, అదే ఏట అమెరికాలోని బ్రిన్ మార్ మహిళా కళాశాలకు వెడలెను. శస్త్రచికిత్సానంతరము 1935 ఏప్రిల్ 14న, 53వ ఏట మరణించెను. ఒకప్పుడు తన ఉపన్యాసములకైనను తన పేరు పెట్టుకొననోచని ఆ విదుషి పేరనే, ఆరోహణ నియమమునకు లోబడిన మాడ్యూలులను లోకమంతటను నోథీరియన్ మాడ్యూలులని వ్యవహరించుచున్నారు.