డెనిస్ పాపిన్

డెనిస్ పాపిన్ (ఆగస్టు 22, 1647 - 1713) ఫ్రాన్సు దేశంలో జన్మించి, ఇంగ్లాండు, ఇటలీ, జర్మనీ దేశాలలో జీవితంలో అధికభాగం గడిపిన భౌతిక శాస్త్రవేత్త. ఫ్రెంచి ఉచ్చారణలో ఇతని పేరు ఇంచుమించుగా దెనీ పపాఁ అని వినిపిస్తుంది. నేటి ప్రెషర్ కుక్కరుకు మూలరూపమైన డైజెస్టర్ అనే పాత్రను, ఆ పాత్ర పేలిపోకుండా కాపాడే రక్షక కవాటాన్ని (సేఫ్టీ వాల్వు) ఇతడు రూపొందించాడు. ఆవిరి యంత్రానికి పునాదియైన ముషలకం (పిస్టన్) గల స్తూపాన్ని కూడా మొదట ప్రయోగించి చూపినది ఇతడే. ఇంతటి పని చేసిన వ్యక్తి పేదరికంలో మరణించాడు.

బాల్యం, విద్య

పాపిన్ మధ్య ఫ్రాన్సులోని బ్లువా పట్టణ ప్రాంతంలో, ప్రొటెస్టెంటు మతస్థులైన హ్యూగనాట్ కుటుంబంలో జన్మించాడు. 1669లో ఆంజే విశ్వవిద్యాలయం నుండి వైద్యశాస్త్రంలో పట్టా పొందాడు. కాని వైద్యవృత్తి ఇతనిని ఆకర్షించలేదు. పారిస్ చేరి, అక్కడ రాజ గ్రంథాలయంలో పరిశోధనలు చేస్తున్న డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్‌కు సహాయకుడయ్యాడు. అక్కడే జర్మన్ తత్త్వవేత్త, గణితవేత్త లైబ్నిట్జ్‌తో పరిచయం ఏర్పడింది. ఆ స్నేహం ఉత్తరాల ద్వారా దశాబ్దాల పాటు కొనసాగింది.

హైగెన్స్ 1673లో తుపాకి మందును ఒక స్తూపంలో మండించి, అందువలన ఏర్పడే శూన్యంతో బరువులను ఎత్తే యంత్రాన్ని ప్రయోగించాడు. ఆ పనిలో పాపిన్ పాలుపంచుకున్నాడు. పేలే వస్తువును మూసిన పాత్రలో బంధించి దానిచేత పని చేయించుకోవడం ఎలా అన్న ప్రశ్న ఇక్కడ మొదలై, ఇతని జీవితాంతం వెంట నడిచింది.

లండనులో బాయిల్ వద్ద

1675లో పాపిన్ లండను చేరాడు. అక్కడ రాబర్ట్ బాయిల్ వద్ద ప్రయోగ సహాయకుడిగా చేరి గాలిపంపును మెరుగుపరచాడు. బాయిల్ పేరున 1680లో లాటిన్ భాషలో వెలువడిన ప్రయోగాల సంపుటంలో చేతిపని చాలావరకు పాపిన్‌దే. పండ్లు, తడిపిన పిండి వంటి పదార్థాలను మూసిన పాత్రలలో ఉంచి, అవి పులుస్తూ ఎంత గాలిని పుట్టిస్తాయో, ఆ గాలి ఎంత పీడనం కలుగజేస్తుందో పాదరసంతో కొలవడం ఆ ప్రయోగాలలో ఒక భాగం.

దోసెల పిండిని నిండుగా గిన్నెలో పోసి మూత పెడితే తెల్లవారేసరికి మూత లేచి, పిండి పొంగి, గట్టు మీదకు కారడం తెలుగు ఇల్లాళ్ళందరికీ అనుభవమే. మూత గట్టిగా బిగించిన సీసాలో పండ్లరసం పులిస్తే సీసా పగిలిపోతుంది. ఇంట్లో ద్రాక్షసారాయం తయారుచేసుకునేటప్పుడు ఇటువంటి ప్రమాదాలు జరగవచ్చు. పులిసేటప్పుడు వెలువడే బొగ్గుపులుసు వాయువుకు దారి లేకపోవడమే అందుకు కారణం. ఆ వాయువు స్వభావం పాపిన్ కాలానికి ఎవరికీ తెలియదు. అయితే మూసిన పాత్ర గోడలపై లోపలి గాలి ఎంత బలంగా నెడుతుందో అంకెలలో కొలిచి తెలుసుకున్న కొద్దిమందిలో ఇతడు ఒకడు. వంటపాత్ర వైపు మళ్ళడానికి ముందు ఇతనికి దొరికిన శిక్షణ ఇది.

డైజెస్టర్

1679 మే నెలలో పాపిన్ తన కొత్త పాత్రను లండనులోని రాయల్ సొసైటీలో ప్రదర్శించాడు. ఇది మందమైన లోహపు గోడలు, మరలతో బిగించే మూత గల పాత్ర. తెరచిన గిన్నెలో నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరుగుతుంది. ఎంత మంట పెట్టినా అంతకంటె వేడెక్కదు, ఆవిరైపోతుంది. ఆవిరిని బయటకు పోనీయకుండా బంధిస్తే పీడనం పెరిగి నీటి మరుగు స్థానం కూడా పెరుగుతుంది. వాతావరణ పీడనానికి రెట్టింపు పీడనం వద్ద నీరు దాదాపు 120 డిగ్రీల దగ్గర గాని మరగదు. ఆ వేడికి గట్టి ఎముకలు సైతం కొద్ది సమయంలో మెత్తబడి, వాటిలోని జిగురు పదార్థం నీటిలోకి దిగుతుంది.

అయితే ఎంత వేడెక్కిందో తెలియడం ఎలా? నాటికి నమ్మదగిన ఉష్ణమాపకాలు లేవు. పాపిన్ మూత మీద చిన్న గుంట ఏర్పరచి, అందులో ఒక నీటిచుక్క వేసి, అది ఆవిరి కావడానికి ఎన్ని క్షణాలు పట్టినదో లోలకం ఊపులతో లెక్కించేవాడు. చుక్క ఎంత త్వరగా ఎగిరిపోతే లోపల అంత వేడి అన్నమాట. పెనం మీద నీళ్ళు చిలకరించి దోసె వేసే వారికి ఈ పద్ధతి వింతగా తోచదు.

అసలు చిక్కు పీడనంతో వచ్చింది. తొలి నమూనాలు పేలిపోయిన తరువాతనే రక్షక కవాటం పుట్టిందని ప్రసిద్ధమైన కథనం. మూతకు ఒక చిన్న రంధ్రం చేసి, దానిపై బిళ్ళ వంటి కవాటం అమర్చి, ఆ కవాటాన్ని ఒక కమ్మీతో అదిమి ఉంచాడు. కమ్మీ ఒక చివర కదలకుండా కట్టి ఉంటుంది, రెండవ వైపు బరువు వ్రేలాడుతుంది. తూనిక కోలలో వలె బరువును ముందుకు జరిపితే ఎక్కువ పీడనం వరకు, వెనుకకు జరిపితే తక్కువ పీడనం వరకు కవాటం మూసి ఉంటుంది. హద్దు దాటగానే ఆవిరి తనంతట తానే కవాటాన్ని ఎత్తి బయటపడుతుంది. పాత్రను గట్టిగా మూయడం ఏ కమ్మరి అయినా చేయగల పని. ఎంతవరకు మూయాలో, ఎప్పుడు తెరవాలో పాత్రే తేల్చుకొనేటట్లు చేయడంలో పాపిన్ ప్రతిభ ఉన్నది.

1681లో ఈ పాత్ర నిర్మాణాన్ని, ఉపయోగాలను వివరిస్తూ ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించాడు. వంట, సముద్రయానం, మిఠాయిలు, పానీయాల తయారీ, రసాయన శాస్త్రం, అద్దకం - ఇన్నింటిలో డైజెస్టర్ పనికివస్తుందని అందులో వ్రాశాడు. పెద్ద పాత్రకు ఎంత ఖర్చవుతుందో, దానివలన ఎంత లాభమో కూడా లెక్క కట్టి చూపాడు. పారవేసే ఎముకల నుండి ఆహారం తీయవచ్చుననీ, వంటచెరకు ఆదా అవుతుందనీ ఇతని ఆశ.

1682 ఏప్రిల్ 12న రాయల్ సొసైటీ సభ్యులకు డైజెస్టర్‌లో వండిన విందు జరిగింది. అందులో పాల్గొన్న జాన్ ఎవెలిన్ తన దినచర్య పుస్తకంలో ఆ విందును వర్ణించాడు. గొడ్డు మాంసం, గొర్రె మాంసాలలోని ఎముకలు జున్నులా మెత్తబడ్డాయట. చేపలను ముళ్ళతో సహా తిన్నారట. అన్నింటికంటె పావురాల కూర రుచిగా ఉన్నదట. ఖర్చయిన బొగ్గు ఎనిమిది ఔన్సులకు లోపే.

దేశదేశాల సంచారం

1680లోనే రాయల్ సొసైటీ సభ్యుడైనప్పటికీ పాపిన్‌కు స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1681లో వెనిస్ నగరంలోని ఒక విద్వత్పరిషత్తులో ప్రయోగాలు నిర్వహించడానికి వెళ్ళి మూడేళ్ళు అక్కడ ఉన్నాడు. 1684లో తిరిగి లండను వచ్చి రాయల్ సొసైటీలో తాత్కాలిక ప్రయోగ పర్యవేక్షకుడిగా ఏడాదికి 30 పౌన్ల జీతం మీద పనిచేశాడు. 1685లో ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ ప్రొటెస్టెంట్లకు రక్షణ కల్పించిన నాంట్ శాసనాన్ని రద్దు చేయడంతో స్వదేశానికి తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయింది.

1687లో జర్మనీలోని హెస్-కాసెల్ పాలకుడు కార్ల్ ఇతనికి మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో గణితాచార్య పదవి ఇచ్చాడు. అక్కడ ఉండగానే 1690లో లైప్జిగ్ నుండి వెలువడే శాస్త్ర పత్రికలో తన అత్యంత ముఖ్యమైన వ్యాసాన్ని ప్రచురించాడు. ఒక స్తూపం అడుగున కొద్దిగా నీరు పోసి, పైన ముషలకం అమర్చి, క్రింద మంట పెడితే ఆవిరి ముషలకాన్ని పైకి నెడుతుంది. మంట తీసివేస్తే ఆవిరి మళ్ళీ నీరై లోపల శూన్యం ఏర్పడుతుంది. అప్పుడు వాతావరణ పీడనం ముషలకాన్ని బలంగా క్రిందికి త్రోస్తుంది. హైగెన్స్ యంత్రంలోని తుపాకి మందు స్థానంలోకి వంటింటి ఆవిరి వచ్చి చేరింది.

జేమ్స్ వాట్ కెటిల్ మూత ఎగరడం చూసి ఆవిరి యంత్రం కనిపెట్టాడని మన బడిపిల్లలు చదువుకుంటూ ఉంటారు. వాట్ పుట్టినది 1736లో. అంతకు 46 సంవత్సరాల ముందే పాపిన్ వ్యాసం అచ్చయింది. 1712లో థామస్ న్యూకోమెన్ గనులలో నీరు తోడడానికి నిర్మించిన యంత్రం ఈ సూత్రం మీదనే పనిచేసింది. ఆ యంత్రాన్ని మెరుగుపరచిన వాడు వాట్. అతని గొప్పతనం అతనికి ఉన్నది గాని, కెటిల్ కథ పిల్లలకు చెప్పదలచుకుంటే పాపిన్ పాత్ర మూతతో మొదలుపెట్టడం న్యాయం.

పడవ ధ్వంసం, చివరి రోజులు

1690 దశకంలో పాపిన్ కాసెల్ నగరానికి మారాడు. 1705లో లైబ్నిట్జ్ ఇతనికి ఇంగ్లీషువాడైన థామస్ సేవరీ నిర్మించిన నీటిపంపు చిత్రాన్ని పంపాడు. దాని స్ఫూర్తితో తానూ ఒక ఆవిరి పంపును రూపొందించి 1707లో దానిపై పుస్తకం ప్రచురించాడు. ఆ యంత్రంలో కూడా రక్షక కవాటం ఉన్నది.

అదే సంవత్సరం సెప్టెంబరులో కుటుంబంతో కలిసి, తెడ్ల చక్రాలు గల ఒక పడవలో ఫుల్డా నది మీదుగా ఇంగ్లాండుకు బయలుదేరాడు. మ్యూండెన్ పట్టణం దగ్గర పడవవాళ్ళ సంఘం వారు తమ హక్కులకు భంగమని పడవను పట్టుకొని ధ్వంసం చేశారు. ఇది ప్రపంచంలో మొదటి ఆవిరి పడవ అని చాలా పుస్తకాలలో కనబడుతుంది. ఇది సరి కాదు. ఆ చక్రాలు మనుషులు చేతితో త్రిప్పేవని పరిశోధకులు నిర్ధారించారు.

భార్యను జర్మనీలోనే ఉంచి లండను చేరిన పాపిన్‌కు అక్కడ తెలిసినవారు తక్కువ. బాయిల్ 1691లో, రాబర్ట్ హుక్ 1703లో మరణించారు. ఐజాక్ న్యూటన్ అధ్యక్షతన ఉన్న రాయల్ సొసైటీ ముందు ఎన్నో ప్రతిపాదనలు పెట్టినా ధనసహాయం లభించలేదు. ఇతడు వ్రాసిన ఉత్తరాలలో దొరికిన చివరిది 1712 జనవరి 23 నాటిది. ఆ తరువాత ఏమైనాడో ఎవరికీ తెలియక, 1712లోనే మరణించి ఉంటాడని చాలాకాలం భావించారు. లండనులోని సెయింట్ బ్రైడ్స్ చర్చి ఖనన పట్టికలో 1713 ఆగస్టు 26 తేదీన ఇతని పేరు ఉన్నట్లు ఆ తరువాత బయటపడింది. ఆ తేదీకి ఇతని 66వ పుట్టినరోజు గడిచి నాలుగు రోజులే అయింది.

కవాటం మీద బరువు

పాపిన్ మరణానంతరం డెసాగులియర్స్ అనే శాస్త్రవేత్త సేవరీ యంత్రానికి పాపిన్ కవాటాన్ని జతచేశాడు. అటువంటి యంత్రం వద్ద జరిగిన ఒక ప్రమాదాన్ని అతడు వ్రాసిపెట్టాడు. పని తెలియని ఒక వ్యక్తి, త్వరగా పని ముగించాలని కవాటపు కమ్మీ చివరకు బరువును జరిపి, అది చాలదన్నట్లు మరొక బరువైన ఇనుప పనిముట్టును కూడా తగిలించాడు. కవాటం లేవలేక బాయిలరు పేలి అతడు చనిపోయాడు.

నేటి వంటింటి ప్రమాదాలకు, దీనికి తేడా స్వల్పం. భారతదేశంలో హాకిన్స్, ప్రెస్టీజ్ కుక్కర్ల తయారీ 1959లో మొదలైంది. మూత మీద కూతపెట్టే వెయిట్ పాపిన్ కమ్మీకి, బరువుకు వారసురాలు. దానికి తోడుగా మూతలో సేఫ్టీ వాల్వు ఉంటుంది. అందులోని మెత్తని మిశ్రమలోహం మితిమీరిన వేడికి కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. పప్పు నురగ, పొట్టు ఆవిరి గొట్టంలో ఇరుక్కున్నప్పుడు, గాస్కెట్ గట్టిపడినప్పుడు, కరిగిపోయిన వాల్వు స్థానంలో నకిలీది బిగించినప్పుడు, పీడనం దిగకముందే మూతను బలవంతంగా లాగినప్పుడు ప్రమాదాలు జరుగుతాయి. అందుకే పప్పు వంటి ఉబ్బే, పొంగే పదార్థాలను కుక్కరులో సగానికి మించి, మిగిలిన వాటిని మూడింట రెండు వంతులకు మించి నింపరాదు. మూత పెట్టేముందు ఆవిరి గొట్టంలోంచి వెలుతురు కనబడుతున్నదో లేదో చూడాలి. ఐ.ఎస్. 2347 ప్రమాణం ప్రకారం ధ్రువీకరణ గుర్తు లేని కుక్కర్లను అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు 2021 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చింది.

బెల్లపు ఊటను కాచి నాటుసారా తీసే బట్టీలకు ఇటువంటి కవాటం ఏదీ ఉండదు. గొట్టం పూడుకుపోతే ఆ కుండ కూడా కవాటం లేని డైజెస్టరే అవుతుంది. చట్టవిరుద్ధమైన ఆ పనిలో విషంతో పాటు ఈ అపాయం కూడా పొంచి ఉంటుంది.

పాపిన్ చూపిన మేలి ఉపయోగం మాత్రం మన ప్రాంతాలలో అంతగా వాడుకలోకి రాలేదు. కైకలూరు, ఏలూరు పరిసరాలలో కొల్లేటి చుట్టూ ఉన్న చెరువులలో పెంచే బొచ్చె, శీలావతి చేపల కండలో సన్నని ముళ్ళు ఎక్కువ. పిల్లలకు, వృద్ధులకు ముళ్ళు ఏరి పెట్టడం పెద్ద పని. మామూలు పులుసు మరిగే వేడికి ఆ ముళ్ళు గట్టిగానే ఉంటాయి. ఎవెలిన్ విందులోని చేపల ముళ్ళ వలె అవీ పీడనంలో మెత్తబడతాయి. చేప మరీ చిదురుకాకుండా చూసుకోవడం వండేవారి నేర్పు.

ఆసుపత్రులలో శస్త్రచికిత్స పరికరాలను సూక్ష్మజీవి రహితం చేసే ఆటోక్లేవ్ కూడా డైజెస్టర్ సంతతిలోనిదే. దానిని 1879లో లూయీ పాశ్చర్ సహచరుడు ఛార్లెస్ షాంబర్లాన్ రూపొందించాడు.

స్మారకాలు

బ్లువా పట్టణంలో పాపిన్ విగ్రహం ఉన్నది. అది ఉన్న ఎత్తైన మెట్లదారిని డెనిస్ పాపిన్ మెట్లు అని పిలుస్తారు.