జైదు బిన్ సాబిత్

ముస్లిములకు పరమ పవిత్రమైన గ్రంథము ఖురాను. ఈ పదమునకు పఠనమని అర్థము. జిబ్రీలు అను దేవదూత ద్వారా సుమారు 23 సంవత్సరముల కాలములో మహమ్మదు ప్రవక్తకు దేవుడు వినిపించిన వాక్కే యిది యని వారి విశ్వాసము. నమాజునందు వారు పఠించునవి ఈ వాక్యములే. ఇందు ఒక్క అక్షరమైనను మారరాదని వారి నియమము. అట్టి గ్రంథమును ఒక్కచోట కూర్చు భారము ఒకప్పుడు ఒక యువకునిపై పడెను. ఆతడే జైదు బిన్ సాబిత్.

జైదు అరేబియాలోని మదీనా నగరవాసి. బాల్యముననే తండ్రిని కోల్పోయెను. 622లో ప్రవక్త మక్కానుండి మదీనాకు వచ్చునప్పటికి ఆతనికి పదునొకండేండ్లు. 624లో బద్ర్ యుద్ధమునకు తానును వత్తునని ఉత్సాహముతో పోయెను గాని, పసివాడని ప్రవక్త వెనుకకు పంపిరి. కత్తి పట్టుటకు వయసు చాలకున్నను, కలము పట్టుటకు ఆతడు తగినవాడని త్వరలోనే తేలెను. ప్రవక్త ఆజ్ఞపై యూదుల లిపిని కొలది దినములలో నేర్చెను. ప్రవక్తకు అవతరించిన వాక్యములను వ్రాయు లేఖకులలో ఒకడయ్యెను.

632లో ప్రవక్త కాలధర్మము నొందిరి. అప్పటికి ఖురాను ఒక్క సంపుటముగా ఏర్పడలేదు. ఖర్జూరపు మట్టలపైనను, పలుచని రాతిపలకలపైనను, ఎముకలపైనను వ్రాయబడి, భక్తుల హృదయములలో నిలిచియుండెను. ఇంతలో యమామా యుద్ధము సంభవించెను. ఖురానును కంఠస్థము చేసినవారు పెక్కుమంది అందు కూలిరి. ఇట్టి యుద్ధములు మరికొన్ని జరిగినచో దైవవాక్యము గతి యేమగునని ఉమర్ కలతనొంది, ఖలీఫాయైన అబూబక్రునకు విన్నవించెను. అబూబక్రు మొదట సంశయించి, పిదప అంగీకరించి, జైదును పిలిపించెను.

జైదు అప్పటికి ఇరువదియేండ్లు దాటిన యువకుడు. ప్రవక్త చేయని పనిని తాము చేయవచ్చునా యని ఆతడు వెనుకాడెను. ఒక కొండను కదలించుటయే ఇంతకంటె సులువని ఆతనికి తోచెను. కాని అది కర్తవ్యమని మనసునకు నాటిన పిదప వెనుదీయలేదు. తన జ్ఞాపకమునొక్కదానినే నమ్ముకొనక, వ్రాతలను వెదకెను. కంఠస్థము చేసినవారిని విచారించెను. అట్లు కూర్చిన పత్రములు అబూబక్రు వద్దను, పిదప ఉమర్ వద్దను, ఆ తరువాత ఉమర్ కుమార్తెయు ప్రవక్త పత్నియు అగు హఫ్సా వద్దను భద్రముగా నుండెను.

సుమారు 650 ప్రాంతమున మరియొక చిక్కు కలిగెను. దూరదేశములందలి సైనికులు ఖురానును వేర్వేరు రీతుల పఠించుచు, తమ పాఠమే సరియని వాదులాడసాగిరి. ఇది చూచి హుజైఫా అను సేనాని ఖలీఫా ఉస్మానునకు ఎరిగించెను. ఉస్మాను హఫ్సా వద్దనున్న పత్రములను తెప్పించి, జైదునకు మువ్వురు ఖురైషులను తోడిచ్చి, ప్రతులు వ్రాయించెను. అహ్జాబ్ అధ్యాయములోని ఒక వాక్యమును ప్రవక్త పఠింపగా జైదు స్వయముగా వినియుండెను. అయినను అది వ్రాతలో దొరకువరకు వెదకి, తుదకు ఖుజైమా అను నాతని వద్ద కనుగొనెను. ఆ ప్రతులు ముఖ్య నగరములకు పంపబడెను. భేదములు పెరుగకుండుటకై తక్కిన వ్రాతలు దహింపబడెను. ముస్లిముల సంప్రదాయ చరిత్రలు ఈ విధముగా చెప్పుచున్నవి.

జైదు సుమారు 665లో మదీనాలో మరణించెను. నేడు లోకమున ఎచ్చట చూచినను ఖురాను 114 అధ్యాయములతో ఒకే క్రమమున కనబడును. దానిని ఆద్యంతము కంఠస్థము చేసిన హాఫిజులు మన తెలుగునాటను కలరు. జైదు ఆ గ్రంథమున తన మాట ఒక్కటియు చేర్చలేదు, పేరును వ్రాసికొనలేదు. తెలిసినదానిని సైతము మరల సరిచూచుకొనిన ఆతని శ్రద్ధయే ఆతని కీర్తికి మూలము.