హీబ్రూ భాషోద్ధారకుడు బెన్ యెహూదా

భాషకు నిలయములు రెండు: ఒకటి గ్రంథము, రెండవది గృహము. గ్రంథమున నిలిచిన భాషకు గౌరవము కలుగును. గృహమున నిలిచిన భాషకు సంతానము కలుగును. సుమారు పదునేడు శతాబ్దులు ఇండ్లలో వినబడక గ్రంథములందే నిలిచిన హీబ్రూను మరల వంటయింటికిని, పిల్లల ఉయ్యాలకును చేర్చినవారిలో అగ్రగణ్యుడు ఎలియేజరు బెన్ యెహూదా.

ఈయన 1858వ సంవత్సరము జనవరి 7వ తేదీన, నాటి రష్యా సామ్రాజ్యములోని లూజ్కి యను చిన్న యూరిలో జన్మించెను. ఆ యూరు నేడు బెలారస్ దేశములో నున్నది. మొదటి యింటిపేరు పెర్ల్‌మన్. తండ్రి బాల్యముననే గతించెను. ఆ ప్రాంతపు యూదులు ఇంట మాటలాడునది యిడ్డిష్ భాష. మనకు సంస్కృత మెట్లో వారికి హీబ్రూ అట్లు. పూర్వులు ఈజిప్టు దాస్యమునుండి విడివడిన కథను పస్కా పండుగరాత్రి భోజనపు బల్లయొద్ద హీబ్రూలోనే చదువుకొందురు. కాని చదువు ముగిసి ఉప్పు కావలసివచ్చినచో అడుగునది యిడ్డిష్‌లోనే.

బాలుడు ధర్మశాస్త్రాధ్యయనమునకై పొలోట్స్క్ పట్టణమునకు బోయెను. అచ్చటి గురువు లౌకిక హీబ్రూ గ్రంథములను రహస్యముగా జూపెను. వానిలో రాబిన్‌సన్ క్రూసో కథకు అనువాద మొకటి. ప్రార్థనలో వినుచుండిన భాష యొంటరి నావికుని కష్టసుఖములను గూడ చెప్పగలదని ఆ పుస్తకమువలన దెలిసెను. 1878లో వైద్యవిద్యకై పారిసు నగరము చేరెను. అచ్చట క్షయరోగము బయటపడెను. ఆయువు స్వల్పమని యెరిగియు వెనుదీయక, యూదులకు స్వదేశము, స్వభాష యుండవలెనని 1879లో వ్యాసము ప్రకటించెను. 1881లో దెవోరా యను విదుషిని వివాహమాడి యెరూషలేము చేరెను. తమ యింట హీబ్రూ తప్ప వేరొండు మాట వినబడరాదని ఆ దంపతులు నియమము పూనిరి.

నియమము పూనుట సులభము, నిర్వహించుట కష్టము. ధర్మము, యుద్ధము, సేద్యము, దుఃఖము వీనికి పూర్వగ్రంథములలో మాటలు గలవు, నిత్యగృహకృత్యములకు చాలవు. చక్కెర వేసి ఒక గిన్నెడు కాఫీ యిమ్మని భార్య నడుగవలెనన్నను చేతిసంజ్ఞలే శరణ్యములయ్యెనట. అందుచే ఆయన ప్రాచీన ధాతువులను వెదకి నూతనపదములు కల్పించెను. పదమనుటకు గల మిలా యను మాటనుండి నిఘంటువునకు మిలోన్ అనియు, కాలవాచకమగు ఎత్‌నుండి వార్తాపత్రికకు ఇతోన్ అనియు పేరిడెను. గడ్డకట్టిన మంచునకు పూర్వులు వాడిన మాటనుండి ఐస్‌క్రీమునకు గ్లిదా యను పేరు పుట్టెను. ఆయన కోరినవన్నియు చెల్లలేదు. టొమాటోకు అగ్‌వానియా యను పేరు కామవాంఛను సూచించు ధాతువునుండి పుట్టినదని నిరసించి, అరబ్బీ మాటననుసరించి బదూరా యనుమనెను. జనులు మాత్రము అగ్‌వానియానే నిలుపుకొనిరి. పదమును పండితుడు కల్పింపవచ్చును; దానికి ప్రాణము పోయువారు జనులే.

1882లో జ్యేష్ఠపుత్రుడు కలిగెను. అన్యభాష చెవిని బడకుండ ఆ బిడ్డను పెంచిరి. తోడిపిల్లలతో ఆటలు లేవు. మాటలు గూడ ఆలస్యముగా వచ్చినవి. తల్లి యొకనాడు మైమరచి రష్యను జోలపాట పాడగా భర్త కోపించెననియు, ఆ కలహము జూచియే బిడ్డ తొలిసారి నోరు విప్పెననియు చెప్పుదురు. ఆధునికకాలమున హీబ్రూ మాతృభాషగా పెరిగిన తొలి బిడ్డ యతడే. ఆ కీర్తి వెనుక బాల్యమునకు దూరమైన పసివానిని, నోటికి వచ్చిన జోలపాటను మ్రింగుకొన్న తల్లిని మనము మరువరాదు.

1891లో దెవోరా క్షయతో మరణించెను. కొలదికాలములోనే ముగ్గురు బిడ్డలు గలసర్పివ్యాధికి బలియైరి. ఆమె చెల్లెలు హెమ్దా ఆయనను వివాహమాడి యిల్లు నిలబెట్టెను. పవిత్రభాషను బజారునకు దింపెనని ఛాందసులు ఆయనను వెలివేసిరి. 1893లో హనుక్కా దీపోత్సవమును గూర్చి మామగారు వ్రాసిన వ్యాసమును తన పత్రికలో ప్రకటింపగా, అది రాజద్రోహమని ప్రత్యర్థులు తుర్కీ ప్రభుత్వమునకు దెలిపిరి. ఆయన కారాగృహము పాలయ్యెను. అయినను నిఘంటురచన మానలేదు. దేశదేశముల గ్రంథాలయములలో ప్రాచీనపత్రములు శోధించి మాటలు సేకరించెను.

1922లో బ్రిటిషువారి పాలస్తీనాలో హీబ్రూ అధికారభాషలలో నొకటి యయ్యెను. ఆ యేడే డిసెంబరు 16న, హనుక్కా దినములలోనే, ఆయన కన్నుమూసెను. మిగిలిన నిఘంటువును భార్యయు, కుమారుడును, పండితులును సాగింపగా 1959 నాటికి 17 సంపుటములు పూర్తియైనవి. ఇది యొక్కని విజయము గాదు. హీబ్రూలో పాఠములు చెప్పిన ఉపాధ్యాయులు, ఇండ్ల నా భాష నాడిన తల్లులు ఇందు సమభాగస్వాములు. నేడును ఆ దేశమునకు క్రొత్తగా వచ్చినవారు అంగడి, వంట, పండుగల మాటలతో ఆ భాష నేర్చుచున్నారు.

రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయమున భాష బీరువాలలో భద్రముగ నున్నది. పుస్తకమును ఇంటికి గొనిపోయి, రాత్రి దీపమువద్ద పిల్లలకు చదివి వినిపించి, వారిచే మాటలాడించుట మన వంతు.