పాల దుకాణం నుంచి షేర్ ఖాన్ దాకా: మేడ్చల్ పల్లెలకు నీళ్లిచ్చిన శ్రీహరి

రియల్ స్టార్ శ్రీహరి చనిపోయి పదేళ్లు దాటింది. 2013 అక్టోబర్ 9న ముంబైలోని లీలావతి ఆసుపత్రిలో ఆయన కన్నుమూశారు. అప్పటికి వయసు 49 మాత్రమే. టీవీలో 'మగధీర' వచ్చినప్పుడల్లా మన ఇళ్లల్లో పిల్లలు షేర్ ఖాన్ వచ్చాడని అరుస్తూనే ఉన్నారు. ఆ పిల్లల్లో చాలామంది ఆయన పోయాక పుట్టినవాళ్లే. వాళ్లకు ఆయన ఒక పాత్రగా తెలుసు. మేడ్చల్, శామీర్‌పేట వైపు కొన్ని పల్లెల్లో మాత్రం ఆయన పేరుకు ఇంకో అర్థం ఉంది. అక్కడ ఆ పేరు చెబితే ముందు గుర్తొచ్చేది తాగునీళ్లు.

శ్రీహరి పూర్తి పేరు రఘుముద్రి శ్రీహరి. 1964 ఆగస్టు 15న కృష్ణా జిల్లా యలమర్రులో పుట్టారు. తర్వాత కుటుంబం బతుకుతెరువు కోసం హైదరాబాద్ వచ్చి బాలానగర్‌లో స్థిరపడింది. ఫ్యాక్టరీలు, షిఫ్టులు, వలస కూలీలు, అన్ని మతాల వాళ్లూ కలిసి ఉండే బస్తీలు... ఆ రోజుల బాలానగర్ అంటే ఇదే. అక్కడ శోభన థియేటర్ దగ్గర్లో వాళ్లకు పాల దుకాణం ఉండేది. పాలు అమ్మడం, సందు దొరికితే సినిమా చూడటం, సాయంత్రం వ్యాయామం. ఆయన కుర్రతనం ఇలా గడిచింది.

వ్యాయామం ఆయనకు కాలక్షేపం కాదు. జిమ్నాస్టిక్స్‌లో రాష్ట్రస్థాయి వరకు వెళ్లారు. ఏడుసార్లు మిస్టర్ హైదరాబాద్ అయ్యారు. ఆ కండబలం చూసి పోలీసు శాఖలో ఎస్సై ఉద్యోగం, రైల్వేలో ఉద్యోగం రెండూ వచ్చాయి. పాల దుకాణం నడిపే ఇంట్లో సర్కారు కొలువు వస్తే ఎవరైనా వదులుకుంటారా? ఆయన వదులుకున్నారు, సినిమా కోసం. మన ఇళ్లల్లో ఏ కుర్రాడైనా ఈ పని చేస్తే అమ్మీ, అబ్బా ఎంత గోల చేస్తారో చెప్పక్కర్లేదు. ఆ గోల తప్పు అనడానికీ లేదు. ఎందుకంటే శ్రీహరికి గుర్తింపు రావడానికి చాలా ఏళ్లే పట్టింది.

దాసరి నారాయణరావు 'బ్రహ్మనాయుడు' సినిమాతో ఆయనకు దారి దొరికింది. ఆ తర్వాత పదేళ్లు ఎక్కువగా హీరో చేతిలో దెబ్బలు తినే వేషాలే. ఫైట్లు, రౌడీలు, విలన్ పక్కన నిలబడే మనిషి. 1995లో వచ్చిన 'తాజ్‌మహల్'లో నెగెటివ్ పాత్రతో జనం ఆయన్ని గుర్తుపట్టడం మొదలుపెట్టారు. 1999లో 'పోలీస్'తో హీరో అయ్యారు. ఒకప్పుడు ఎస్సై ఉద్యోగం కాదనుకున్న మనిషి చివరికి తెరమీద ఖాకీ వేసుకునే హీరో అయ్యారన్నమాట. 'అయోధ్య రామయ్య', 'విజయరామరాజు', 'భద్రాచలం', 'కుబుసం'... వరసగా వచ్చాయి. 2001లో ఎన్. శంకర్ తీసిన 'భద్రాచలం'లో తైక్వాండో నేర్చుకుని గెలిచే పల్లెటూరి మనిషిగా చేశారు. ఆయన సినిమాలకు సింగిల్ స్క్రీన్ థియేటర్లలో, కింది తరగతి టికెట్ల దగ్గర మంచి గిరాకీ ఉండేది. మెకానిక్‌లు, లారీ డ్రైవర్లు, కూరగాయల బండ్లవాళ్లు ఆయన్ని తమ మనిషి అనుకున్నారు. నిజానికి ఆయన వచ్చింది కూడా అక్కణ్నుంచే.

హీరో వేషాలు తగ్గాక కొందరు నటులు ఇంట్లో కూర్చుంటారు. శ్రీహరికి అసలైన పేరు అప్పుడే వచ్చింది. 2005 సంక్రాంతికి ప్రభుదేవా దర్శకుడిగా తన మొదటి సినిమా 'నువ్వొస్తానంటే నేనొద్దంటానా' తీశారు. అందులో చెల్లెల్ని తల్లీ తండ్రీ తానే అయి పెంచిన రైతు శివరామకృష్ణగా శ్రీహరి కనిపించారు. ఫైట్ల మనిషి అనుకున్నవాడు కళ్లతోనే ఏడిపించాడు. ఆ పాత్రకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయ నటుడి అవార్డు వచ్చింది. 2007లో 'ఢీ'లో అదే అన్నపాత్రను నవ్వించేలా చేశారు. 2010లో 'బృందావనం'లో ఊరి పెద్దగా కనిపించారు.

మధ్యలో, 2009 జులై 31న 'మగధీర' వచ్చింది. షేర్ ఖాన్ పాత్ర గురించి మనం కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి. తెలుగు సినిమాలో ముస్లిం పాత్ర అంటే సాధారణంగా రెండే అచ్చులు. ఒకటి హీరో కోసం ప్రాణమిచ్చే దోస్తు, రెండోది బాంబు పెట్టేవాడు. చరిత్ర సినిమా అయితే దండెత్తి వచ్చేవాడు. షేర్ ఖాన్ కూడా కథలో మొదట దండెత్తి వచ్చిన వాడే. కాబట్టి ఆ అచ్చు నుంచి ఆ సినిమా పూర్తిగా బయటపడిందని చెప్పలేం. కానీ వందమందితో ఒంటరిగా పోరాడిన కాలభైరవుడిని చూశాక షేర్ ఖాన్ మారిపోతాడు. శత్రువులో ఉన్న మగతనాన్ని, మాట మీద నిలబడే గుణాన్ని ఒప్పుకుంటాడు. గెలిచే చోట ఉండి కూడా ఎదుటివాడికి తలవంచుతాడు. తర్వాతి కథలో అదే మనిషి సోలమన్ అనే జాలరిగా హీరోకు అండగా వస్తాడు. పునర్జన్మ మన అఖీదాలో లేని మాట, అది సినిమా సంగతి. కానీ ఆ పాత్రకు శ్రీహరి ఇచ్చిన హుందాతనం మాత్రం నిజం. షేర్వానీ తొడిగి కాటుక పెట్టి భయపెట్టే బొమ్మగా మిగలకుండా, ఆ పాత్రకు ఒక మర్యాద తెచ్చారు. చాలామంది మనోళ్లకు ఆయన ఇష్టమైంది అందుకే.

ఇంట్లోకి వస్తే, 1996లో ఆయన నటి డిస్కో శాంతిని పెళ్లి చేసుకున్నారు. ఆమె తమిళ నటుడు సి.ఎల్. ఆనందన్ కూతురు. దక్షిణాది సినిమాల్లో పాటలకు పెద్ద పేరున్న ఆమె పెళ్లయ్యాక సినిమాలు మానేశారు. ఇద్దరు కొడుకులు పుట్టారు. ఒక కూతురు పుట్టింది, అక్షర. నాలుగు నెలలకే ఆ పాప చనిపోయింది.

చిన్నపిల్లను మట్టిలో పెట్టి ఇంటికి తిరిగొచ్చిన తల్లిదండ్రులు మన బంధువుల్లోనూ ఉంటారు. ఆ ఇంట్లో ఊయల ఎవరూ తీయరు, చిన్న బట్టలు ఎవరికీ ఇవ్వలేరు. ఆ దుఃఖం ఏం చేసుకోవాలో తెలియక మనుషులు మూగబోతారు. కొందరు తాగుడులో పడతారు. కొందరు ఒకళ్లనొకళ్లు నిందించుకుంటారు. శ్రీహరి దంపతులు పాప పేరుమీద అక్షర ఫౌండేషన్ పెట్టారు. మేడ్చల్ ప్రాంతంలో నాలుగు పల్లెల్ని దత్తత తీసుకున్నారు. లక్ష్మాపూర్, నారాయణపూర్, మునీరాబాద్ వాటిలోవే. బడిపిల్లలకు పుస్తకాలు, సామాన్లు ఇచ్చారు. అన్నిటికంటే ముఖ్యంగా ఫ్లోరైడ్ లేని తాగునీళ్లు అందించారు.

ఈ నీళ్ల విలువ నగరంలో నల్లా తిప్పుకునేవాళ్లకు వెంటనే తెలియకపోవచ్చు. తెలంగాణ నేల కింద ఎక్కువగా గ్రానైటు రాయి ఉంటుంది. ఆ రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. వానలు తగ్గి, బోరు లోతు పెరిగేకొద్దీ చాలాచోట్ల ఈ బెడద ఎక్కువవుతుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పిల్లల పళ్లకు పసుపు, గోధుమ రంగు మచ్చలు వస్తాయి. ఇంకా ఎక్కువైతే కీళ్లు బిగుసుకుపోతాయి, ఎముకలు వంకర పోతాయి. నల్గొండ జిల్లాలో ఈ బాధ ఎంత ఘోరంగా ఉండేదో అందరికీ తెలిసిందే. చాలామంది నీళ్లు మరగబెడితే సరిపోతుంది అనుకుంటారు. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని పాలు ఇంకాస్త పెరుగుతుంది కూడా. దాన్ని తీయాలంటే పటిక, సున్నంతో చేసే శుద్ధి కావాలి, లేదా ఆర్వో ప్లాంటు కావాలి. అంటే డబ్బు కావాలి, రోజూ చూసుకునే మనిషి కావాలి.

మిషన్ భగీరథను పక్కనే ఉన్న గజ్వేల్ ప్రాంతంలో ప్రారంభించింది 2016 ఆగస్టులో. అంతకుముందు ఈ పల్లెల్లో తాగునీళ్లంటే ఎక్కువగా బోరు నీళ్లే. ఆ రోజుల్లో ఊరికి ఒక శుద్ధి నీళ్ల ఏర్పాటు అంటే, ఆ ఊళ్లో ఎదిగే పిల్లల ఎముకలు నిలబెట్టినట్టే. నాలుగు నెలలే బతికిన పాప పేరుతో వచ్చిన నీళ్లు ఎవరో పిల్లల్ని ఆరోగ్యంగా పెంచాయి.

ప్రభుదేవా దర్శకత్వంలోనే హిందీ సినిమా 'ఆర్... రాజ్‌కుమార్' చేయడానికి శ్రీహరి ముంబై వెళ్లారు. షూటింగ్ సమయంలో ఆరోగ్యం దెబ్బతిని ఆసుపత్రిలో చేరారు, మళ్లీ లేవలేదు. ఆ సినిమా డిసెంబర్‌లో, ఆయన పోయాక విడుదలైంది. భౌతికకాయాన్ని హైదరాబాద్ తెచ్చి, బాచుపల్లిలోని ఫామ్‌హౌస్‌లో కూతురు అక్షర సమాధి పక్కనే ఖననం చేశారు. అప్పట్లో అదంతా రంగారెడ్డి జిల్లా. 2016లో జిల్లాలు మారాక బాలానగర్, బాచుపల్లి, మేడ్చల్, శామీర్‌పేట అన్నీ ఒకే మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కిందికి వచ్చాయి. పాలు అమ్మిన చోటు, నీళ్లిచ్చిన పల్లెలు, చివరికి నిద్రించిన మట్టి, మూడూ ఇప్పుడు ఆ ఒక్క జిల్లాలోనే ఉన్నాయి.

ఆ చలికాలం తెలుగు సినిమాకు చాలా చెడ్డది. నవంబర్ 8న ఏవీఎస్ పోయారు. డిసెంబర్ 7న ధర్మవరపు సుబ్రహ్మణ్యం పోయారు. జనవరి మొదట్లో ఉదయ్ కిరణ్, అదే నెల 22న అక్కినేని నాగేశ్వరరావు. నాలుగు నెలలు తిరగకుండానే ఇంతమంది. మనల్ని నవ్వించినవాళ్లు, ఏడిపించినవాళ్లు పోయినా తెరమీద కదులుతూనే ఉంటారు. అందుకే వాళ్ల చావు మనకు సగమే అర్థమవుతుంది. వాళ్ల ఇంటివాళ్లకు మాత్రం పూర్తిగా అర్థమవుతుంది. భర్త పోయాక శాంతి గారు ఇద్దరు కొడుకులతో ఆ బరువు మోశారు. చిన్నవాడు మేఘాంశ్ 2019లో 'రాజ్‌దూత్'తో తెరమీదికి వచ్చాడు.

సినిమా విషయంలో మన ఇళ్లల్లో రెండు అభిప్రాయాలున్నాయి. కొందరు చూస్తారు, కొందరు అసలు ఇష్టపడరు. ఒక నటుడి గురించి ఇంత రాయాలా అని అడిగే పెద్దలూ ఉంటారు. వాళ్ల మాటకు గౌరవం ఇస్తూనే ఒకటి చెప్పాలి. దాహం తీర్చడం ఎంత పెద్ద పుణ్యమో మన దీన్ మనకు నేర్పింది. చనిపోయిన తల్లి పేరుమీద బావి తవ్వించిన సహాబీ సాద్ బిన్ ఉబాదా సంగతి మస్జిదుల్లో ఎన్నోసార్లు విన్నాం. మనిషి పోయినా సాగే సదఖాను సదఖా జారియా అంటాం. ఆ మాట తెలియని ఒక తండ్రి, బిడ్డ పోయిన బాధలో తనంతట తానే నీళ్ల దగ్గరికి వచ్చాడు. మాట తెలిసిన మనం ఏం చేస్తున్నామన్నది మనల్ని మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

మన ఇళ్లల్లో ఎవరైనా పోతే నలభైయవ రోజుకు దేగ్‌లు ఎక్కించి వందలమందికి బిర్యానీ పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. అప్పుచేసి పెట్టేవాళ్లూ ఉన్నారు. అందులో సగం ఖర్చుతో బస్తీ బడికి ఒక ఫిల్టర్ పెట్టించవచ్చు. ఊళ్లో బోరు నీళ్లు తాగుతుంటే ఒక సీసా నీళ్లు గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించవచ్చు. పోయినవాళ్ల పేరు దానిమీద రాయించినా, రాయించకపోయినా తాగే పిల్లలకు తేడా ఉండదు. ఈసారి షేర్ ఖాన్ టీవీలో కనిపించినప్పుడు పిల్లలకు ఆ నాలుగు పల్లెల సంగతి కూడా చెప్పండి.